ఏటి కొయ్యాల? క్యాంపింగ్ కత్తి కొనే ముందు తేల్చుకోవాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కమ్మరి కొలిమి దగ్గరకెళ్లి కత్తి కావాలంటే ముందు వచ్చే ప్రశ్న "ఏటి కొయ్యాల?" అని. ఎంత పొడవు, ఎంత బరువు, పిడి ఎలా ఉండాలి అన్నవన్నీ ఆ జవాబు విన్న తర్వాతే. ఆన్‌లైన్ షాపులో ఈ వరస తిరగబడుతుంది. అక్కడ ముందు ఫోటో కనిపిస్తుంది: నల్ల రంగు పూసిన బ్లేడు, దాని వీపు మీద రంపం పళ్లు, పిడి చివర దిక్సూచి, పేరులో 'సర్వైవల్' అనో 'టాక్టికల్' అనో ఒక మాట. దాంతో ఏం కోస్తామన్నది పార్సిల్ విప్పాక మనమే వెతుక్కోవాలి.

క్యాంపింగ్ కత్తి గురించి ఎవరినడిగినా ఒకరు ఉక్కు గురించి, ఒకరు పొడవు గురించి, ఇంకొకరు పోలీసుల గురించి చెబుతారు. అందరూ చెప్పేదీ నిజమే, కానీ ఏదీ విడిగా తేలదు. పొడవు పెరిగితే చట్టం అడ్డొస్తుంది, మడత కత్తి తీసుకుంటే బలం తగ్గుతుంది, గట్టి ఉక్కు తీసుకుంటే నూరడం కష్టమవుతుంది. పని ఏదో ముందు తేలితే ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి సర్దుకుంటాయి. అందుకే కమ్మరి ప్రశ్నతోనే మొదలుపెడదాం.

మన వైపు ప్రయాణాలంటే ఎలా ఉంటాయి? బారువలోనో చింతపల్లి బీచిలోనో ఒక రాత్రి, తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఒక వంట, శివరాత్రికి మందస వైపు నుంచి మహేంద్రగిరి, ఎస్.కోట మీదుగా అరకు. వీటిలో నిజంగా కోసేవి ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మకాయలు, మామిడికాయ, పాల ప్యాకెట్, మసాలా ప్యాకెట్, టార్పాలిన్ కట్టిన నైలాన్ తాడు, దెబ్బ తగిలితే కట్టు కట్టే గుడ్డ, పొయ్యి రాజేయడానికి కాస్త పుల్ల చెక్కు. ఇవన్నీ ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల బ్లేడు హాయిగా చేసే పనులు. అంతకంటే పెద్దది ఉల్లిపాయ దగ్గర ఇబ్బందే పెడుతుంది.

"మరి కొబ్బరి బొండం?" అంటారు. ఉద్దానంలో బొండం కొట్టే మనిషి చేతిలో ఉండేది బరువైన కత్తి. ఆ పని జరిగేది బరువుతో, ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన అలవాటుతో. చిన్న కత్తి మొనతో బొండానికి చిల్లు పెట్టబోతే అది జారి బొండం పట్టుకున్న అరచేతిలో దిగుతుంది. తాటి ముంజలదీ ఇదే కథ. డబ్బులిచ్చి కొట్టించుకోవడమే తెలివి. చేపలు కొన్నా అంతే, బజారులో కత్తిపీట ముందేసుకుని కూర్చున్నవాళ్లు పొలుసు తీసి ముక్కలు చేసి ఇస్తారు. దానికోసం సన్నటి ఫిల్లెట్ నైఫ్ మోసుకెళ్లడం దండగ. పలాస వైపు తోటల్లో పచ్చి జీడిగింజ దొరికితే మాత్రం కత్తితో విప్పే ప్రయత్నం అసలు చేయొద్దు, డొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది.

ఇక మిగిలింది కట్టెలు. పెద్ద కత్తుల వ్యాపారమంతా నడిచేది దీనిమీదే. విదేశీ వీడియోల్లో కత్తిని దుంగ మీద నిలబెట్టి, వీపు మీద కర్రతో కొడుతూ నిలువునా చీలుస్తారు. దానికో కారణం ఉంది. చలి, మంచు, తడి ఉన్న అడవుల్లో పైచెక్క అంతా నానిపోయి ఉంటుంది. పొడి చెక్క కావాలంటే దుంగను చీల్చి లోపలికి వెళ్లాలి. అందుకు నాలుగైదు మిల్లీమీటర్ల మందం, గట్టి వీపు ఉన్న కత్తి అవసరం. మన తీరంలో కొబ్బరి పీచు, డొక్కలు, ఎండిన తాటాకు, కొబ్బరి మట్ట ఊరూరా దొరుకుతాయి. అగ్గిపుల్ల తగిలితే చాలు అంటుకుంటాయి. వానాకాలంలో కూడా ఊళ్లో ఎవరి పంచలోనో పొడి కట్టెలు ఉంటాయి, ఒక మోపు కొనుక్కోవచ్చు. ఒడ్డున సరుగుడు తోట కనిపించిందని దిగి నరకడానికి లేదు. అది రైతుదో అటవీ శాఖదో అయి ఉంటుంది. అంటే, వాళ్ల మంచు అడవికి తగ్గట్టు చేసిన మందపాటి కత్తి మన చేతికి వచ్చేసరికి చేయడానికి పనే లేదు. పైగా ఆ మందం వల్ల టమాటా తెగదు, నలుగుతుంది. బ్లేడు వీపు రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే మన పనులకు సరిపోతుంది.

పొడవు తగ్గించుకోవడానికి ఇంకో పెద్ద కారణం చట్టం. ఇక్కడ చాలామందికి ఒకటే ముక్క తెలుసు: "తొమ్మిది అంగుళాల లోపు ఉంటే పర్లేదు." ఆ ముక్క సగమే నిజం. 1959 ఆయుధాల చట్టం, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వస్తువులను ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది. దాని కింద చేసిన నియమాల పట్టికలో బాకులు, కత్తులు వంటివి చెబుతూ, తొమ్మిది అంగుళాల కంటే పొడవు గానీ రెండు అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న బ్లేళ్లను ప్రస్తావించి, ఇల్లు, వ్యవసాయం, శాస్త్ర పరిశోధన, పరిశ్రమ అవసరాలకు చేసినవాటిని పక్కన పెట్టారు. కొలత ఒక్కటే కాదు, ఏ పనికి చేసిందన్నదీ లెక్కలోకి వస్తుందన్నమాట. కొబ్బరి తోటలో రైతు చేతిలోని బారెడు కత్తి పనిముట్టు. అదే కత్తి అర్ధరాత్రి బైక్ మీద వెళ్తున్న నలుగురు కుర్రాళ్ల బ్యాగులో ఉంటే, పనిముట్టేనని నమ్మించాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది. 'టాక్టికల్' అని చెక్కి ఉన్న నల్ల కత్తి అయితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. గోధుమ రంగు చెక్క పిడి ఉన్న చిన్న కత్తి, దాని పక్కన గిన్నెలు, ఉల్లిపాయలు ఉంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఇది చట్టంలో రాసింది కాదు, రోడ్డు మీద జరిగేది.

ఊరు దాటితే లెక్కలు కూడా మారతాయి. ఢిల్లీలో బటన్ నొక్కితేనో మరే యాంత్రిక ఏర్పాటుతోనో తెరుచుకునే కత్తుల మీద 7.62 సెంటీమీటర్ల పొడవు దగ్గరే ఆంక్ష ఉంది. విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హిమాలయాల ట్రెక్కింగ్‌కు బయలుదేరేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే రకాన్ని నేనైతే ఎక్కడికైనా వద్దనే అంటాను. దానివల్ల చిటికెలో తెరుచుకోవడం తప్ప వంటకు వచ్చే లాభం ఏమీ లేదు. మహేంద్రగిరి శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. కొండ మనదేననిపించినా అక్కడ అడిగేది ఆ రాష్ట్రం పోలీసులు, ఆ రాష్ట్రం అటవీ సిబ్బంది. అరకు దారిలో గంజాయి కోసం చేసే తనిఖీల్లో మామూలు పర్యాటకుల బ్యాగులు కూడా విప్పుతారు. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో నిషేధాజ్ఞలు పెడితే ఆయుధాలు పట్టుకు తిరగడం మీద అదనపు ఆంక్షలు వస్తాయి. పాత 144 సెక్షన్ కింద వచ్చే ఈ ఉత్తర్వులు 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 కింద వస్తున్నాయి.

అందరూ మరచిపోయేది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'ఆయుధం' నిర్వచనంలోకి తుపాకులు, ఉచ్చులు, వలలతో పాటు కత్తులు కూడా వస్తాయి. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టకూడదని 31వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ అంగుళాల మినహాయింపు లేదు. విశాఖ పక్కన కంబాలకొండకు వెళ్తున్నా, ఇంకెక్కడి అభయారణ్యానికి వెళ్తున్నా గేటు దగ్గర చెప్పి అప్పగించడమో, అసలు తీసుకెళ్లకపోవడమో మంచిది. పండ్లు ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెట్టుకుంటే తీరిపోయే సమస్య ఇది. విమానంలో అయితే చేతి సంచిలో కత్తి వద్దు, చెకిన్ లగేజీలో మొన బయటికి రాకుండా చుట్టి పెట్టాలి. తాళాల గుత్తికి వేలాడే బుల్లి చాకు కూడా కత్తే. సెక్యూరిటీ దగ్గర ఎక్కువమంది పోగొట్టుకునేది దాన్నే.

ఇప్పుడు మడత కత్తా, ఒరలో పెట్టే కత్తా అన్నది తేలిక. వంట, తాడు, ప్యాకెట్లే పనులైతే మడత కత్తి చాలు. జేబులో పడుతుంది, చూసేవాళ్లకూ భయం కలగదు. కానీ మడత ఉన్న చోటే బలహీనత ఉంటుంది. లాక్ లేని కత్తిని మొనతో పొడిచినా, వెనక్కి ఒత్తినా అది మీ వేళ్ల మీదికే మూసుకుంటుంది. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చిన్న కత్తుల్లో చాలావాటికి లాక్ ఉండదు, స్ప్రింగు ఒత్తిడి మీదే నిలుస్తాయి. కోతకు బాగుంటాయి, పొడవడానికి కాదు. ఫ్రాన్స్ ఒపినెల్‌ది ఇంకో పద్ధతి. 1890 ప్రాంతంలో మొదలైన ఆ చెక్క పిడి కత్తికి 1955లో తిప్పితే బిగిసే లోహపు ఉంగరం చేర్చారు. అందులో 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. సన్నటి బ్లేడు కాబట్టి కూరగాయలకు దానంత బాగా తెగే మడత కత్తులు తక్కువ. మన సముద్రపు గాలికి దాని చెక్క ఉబ్బి మడత బిగుసుకుపోతుందన్నది మాత్రం తెలిసి కొనాలి.

పుల్లలు చెక్కడం, వెదురు చీల్చడం కూడా ఉంటే ఒరలో పెట్టే కత్తి మేలు. అక్కడ చూడాల్సింది ఉక్కు పిడిలోకి ఎంతవరకు దిగిందన్నది. పిడి చివరిదాకా ఉక్కు పరుచుకుని రెండు పక్కలా చెక్క వేసి రివెట్లు కొట్టినది అన్నిటికంటే గట్టిది. సన్నటి ముల్లులా దిగి పిడిలో ఇరుక్కున్నది కూడా మంచి తయారీ అయితే వంట, చెక్కుడు పనులకు ఏళ్లు నిలుస్తుంది. లోపల బోలుగా ఉండి అందులో సూది, గాలం, అగ్గిపుల్లలు దాచుకునే పిడి మాత్రం బొమ్మ కిందే లెక్క. బ్లేడు ఆ గొట్టానికి అతుక్కున్న చోటే ఊడుతుంది. మొదట చెప్పిన దిక్సూచి కత్తులు చాలామటుకు ఈ రకమే.

ఉక్కు విషయానికొస్తే, పెట్టె మీద రాసిన అంకెలు చూసి బెదరాల్సిన పని లేదు. రెండు సంగతులు పట్టుకుంటే చాలు. ఇనుములో కార్బన్ ఎంత ఉందన్నది గట్టిదనాన్ని, క్రోమియం ఎంత ఉందన్నది తుప్పును ఆపే శక్తిని చెబుతాయి. క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే స్టెయిన్‌లెస్ అంటారు. చౌక కత్తుల మీద కనిపించే 3సీఆర్13 అన్న అంకెల్లో కార్బన్ 0.3 శాతం దగ్గర, క్రోమియం 13 శాతం దగ్గర అని అర్థం. తుప్పు పట్టదు గానీ మెత్తన, రెండు వంటలకు పదును పోతుంది. స్వీడన్ 12సీ27లో కార్బన్ 0.6, క్రోమియం 13.5 శాతం. పదును నిలుస్తుంది, తుప్పునూ తట్టుకుంటుంది. డీ2 అనే ఉక్కులో క్రోమియం 11 నుంచి 13 శాతం ఉన్నా కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంలో చాలా భాగాన్ని తనతో కట్టేసుకుంటుంది. తుప్పును అడ్డుకునేది విడిగా మిగిలిన క్రోమియమే కాబట్టి, అంకెల్లో స్టెయిన్‌లెస్‌లా కనిపించే డీ2 ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. బారువ ఇసుకలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తేడా కనిపిస్తుంది.

అంతా కార్బన్ ఉక్కే అయిన కత్తి సంగతి వేరు. నూరడం తేలిక, పదును చురుక్కుమంటుంది. మామిడికాయ, నిమ్మకాయ, చింతపండు పులుపు తగిలితే బ్లేడు నల్లబడుతుంది, మొదట్లో ముక్కలకు ఇనుము వాసన కూడా వస్తుంది. ఆ నలుపు తుప్పు కాదు, తోమి పోగొట్టాల్సిన పని లేదు. పైగా అది ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది. కొత్త కత్తికి ఒకసారి ఉల్లిపాయలు, నిమ్మకాయలు బాగా కోసి నల్లబడనిస్తే వాసన తగ్గుతుంది. వాడాక కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాయాలి. తీరం పక్క ప్రయాణాలే ఎక్కువైతే స్టెయిన్‌లెస్ తీసుకోండి. కొండల వైపే వెళ్తూ, తుడిచే ఓపిక ఉంటే కార్బన్ ఉక్కు తీసుకోండి. నా ఓటు మొదటిదానికే. వంట అయ్యాక గిన్నెలు తోమడానికే వంతులు వేసుకునే చోట కత్తి తుడిచేవాళ్లు దొరకరు.

కార్బన్ ఉక్కు కావాలనుకుంటే మాత్రం ఆన్‌లైన్ కంటే ముందు కొలిమి వైపు చూడండి. పల్లెల్లో కమ్మరులు మంచి కత్తులు చేసేది పాత లారీ కమాను కట్టలతో. ఆ ఉక్కులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది. పదేపదే వంగి లేవడానికి చేసింది కాబట్టి, సరిగా నీళ్లు పెడితే తేలిగ్గా విరగదు. అసలు పనితనం సాగగొట్టడంలో కంటే నీళ్లు పెట్టడంలో ఉంటుంది. ఎర్రగా, సుమారు 800 డిగ్రీల దాకా కాల్చి చప్పున చల్లారిస్తే ఉక్కు గాజులా గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే కింద పడినా పెచ్చు లేస్తుంది. మళ్లీ 200 నుంచి 300 డిగ్రీల మధ్య మెల్లగా వేడిచేస్తేనే గట్టిదనంతో పాటు సాగే గుణం వస్తుంది. మెరిసే ఉక్కు మీద గడ్డి రంగు వస్తే సుమారు 220, నీలం వస్తే 300 దగ్గర అని రంగు చూసి తెలుసుకుంటారు. సంతలో అమ్మే కత్తుల్లో కొన్నిటికి ఈ రెండో మెట్టు సరిగా పడదు, కొన్నిటికి మొదటిదే పడదు. కొనేముందు పిడి దగ్గర వాదర (కోసే అంచు) మీద ఆకురాయి తేలిగ్గా రాసి చూడండి. వెన్నలా కొరికితే మెత్తన, అసలు పట్టకుండా జారిపోతే మరీ గట్టి. కాస్త బలంగా ఒత్తితే పట్టేది కావాలి. కమ్మరికి చేయించుకునేటప్పుడు మన వైపు అలవాటుగా చేసే బరువైన నరికే కత్తి కాకుండా, జానెడు పొడవులో సగం బ్లేడు, సన్నటి వీపు అని కొలత గీసి చూపించాలి. లేకపోతే ఆయనకు తెలిసిన మంచి కత్తి, అంటే కొబ్బరి కొట్టేది, చేసి ఇస్తాడు.

కర్ర అడ్డంగా తెగాల్సిన ప్రతి చోటా కత్తి కంటే రంపం మేలు. పెరటి మొక్కల సామాను అమ్మే షాపుల్లో దొరికే మడత రంపం అరచేయంత సంచిలో పడుతుంది. వెనక్కి లాగినప్పుడు కోసే రకం అయితే సన్నటి రేకైనా వంగదు. మణికట్టంత కర్రను గొడ్డలి కంటే తక్కువ శ్రమతో, చాలా తక్కువ ప్రమాదంతో కోస్తుంది. చీకట్లో, అలసిపోయిన చేతితో గొడ్డలి వేటు గురితప్పితే తగిలేది మోకాలి కింద ఎముకకే. బొంగులో చికెన్ చేసుకోవాలన్నా వెదురు అడ్డంగా కోయడానికి సన్నపళ్ల రంపమే సరైనది. కత్తితో నరికితే పేళ్లు లేస్తాయి, ఆ పేళ్లు కూరలో పడతాయి. బొంగు మాత్రం సంతలో కొనాలి. రిజర్వు అడవిలో నిలబడి ఉన్న వెదురును నరికితే 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద కేసవుతుంది, చేతిలో రంపం ఉంటే సాక్ష్యం కూడా మీరే ఇచ్చినట్టు. మల్టీటూల్ గురించి ఒక్క ముక్క. బైక్ మీద తిరిగేవాళ్లకు పట్టకారు, స్క్రూడ్రైవర్ కోసం అది విలువైనదే, అందులోని చాకు కోసం కాదు. చిన్న కత్తెర ఉన్నది చూసుకుంటే మందుల షీట్లకూ, గాయం కట్టుకూ పనికొస్తుంది.

పదును లేని కత్తే ఎక్కువ చేతులు కోస్తుంది, ఎందుకంటే బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే జారుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల సానరాయి ఒకటి ఇంట్లో ఉంచుకోండి. గరుకు వైపు పెచ్చులు తీయడానికి, నున్నటి వైపు రోజూ వాడుకకు. రాయి తడిపి, వాదరను ఇరవై డిగ్రీల వాలులో రెండు పక్కలా సమానంగా నూరాలి. దారిలో రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద నాలుగు సార్లు లాగినా ఆ పూటకు గడుస్తుంది. చక్రం తిప్పుతూ వీధిలో సానపట్టేవాళ్లకు ఇచ్చేటప్పుడు నిప్పురవ్వల వైపు చూడకండి, వాదర వైపు చూడండి. సన్నటి అంచు నీలం రంగు తిరిగిందంటే అక్కడ వేడికి ఉక్కు మెత్తబడింది, ఆ మేరకు అరగదీసే దాకా పదును నిలవదు. మధ్యమధ్యలో నీళ్లలో ముంచమని ముందే చెప్పాలి.

ఇంటికొచ్చాక మడత కత్తిని తెరిచి, కీలు దగ్గర ఇసుక, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. కీలుకు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయండి. కొబ్బరి నూనె వంట కత్తి బ్లేడుకు బాగుంటుంది గానీ కీల్లో పోస్తే కొన్నాళ్లకు జిడ్డుకట్టి బిగుస్తుంది. పనస జిగురు అంటితే నీళ్లతో పోదు, నూనె గుడ్డతో తుడవాలి. పనస కోసే ముందే బ్లేడుకు నూనె రాయడం ఎలాగూ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఒరలో పెట్టే కత్తిని తోలు ఒరలోనే ఉంచి అటకెక్కించవద్దు. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, వానాకాలం గడిచేసరికి బ్లేడు మీద ఒర ఆకారంలోనే తుప్పు దిగుతుంది. నూనె రాసి, పొడి కాగితంలో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, ఒరను పక్కన విడిగా ఉంచండి.